డాబా మీది యాంటెన్నాకు ఏ కోయాక్సియల్ కేబుల్ కొనాలి?

రెండంతస్తుల ఇంటి డాబా మీద గొట్టానికి బిగించిన యాంటెన్నా దగ్గర మొదలుపెట్టి, పిట్టగోడ దాటించి, గోడ వెంట దించి, కిటికీ మూలనుంచి గదిలోకి తిప్పి, బల్ల మీది రేడియో సెట్టు దాకా తాడుతో కొలిస్తే 30 మీటర్లు సులువుగా తేలుతుంది. ఆ 30 మీటర్లకు సన్నని ఆర్‌జీ-58 కేబుల్ వేసి, 145 మెగాహెర్ట్జ్ దగ్గర 25 వాట్లు పంపితే యాంటెన్నాకు చేరేది దాదాపు 7 వాట్లే. మిగిలిన 18 వాట్లు దారి పొడవునా కేబుల్‌ను వెచ్చబెట్టడానికే ఖర్చయిపోతాయి. అదే కేబుల్‌ను, అంతే పొడవున, 7 మెగాహెర్ట్జ్ దగ్గర వాడితే 19 వాట్లు పైకి చేరతాయి. అందువల్ల ఆర్‌జీ-58 మంచిదా కాదా అని అడిగితే చెప్పగల జవాబేమీ లేదు. ఎన్ని మీటర్లకు, ఎన్ని మెగాహెర్ట్జ్‌లకు అని అడిగినప్పుడే జవాబు ఉంటుంది. ఈ వ్యాసం ముఖ్యంగా ఇంటి వద్ద హ్యామ్ స్టేషన్ (అభిరుచి కోసం నడుపుకునే అమెచ్యూర్ రేడియో స్టేషన్) పెట్టుకునేవారి కోసం రాసింది. డిష్ యాంటెన్నా, సీసీటీవీ కెమెరాల కేబుళ్ల లెక్క కొంత వేరు కనుక వాటి సంగతి చివర్లో చెబుతాను.

నష్టం ఎక్కడ జరుగుతుంది

కోయాక్సియల్ కేబుల్‌లో నడిమి తీగ, దాని చుట్టూ ప్లాస్టిక్ ఇన్సులేషన్, దాని మీద లోహపు జాలీ, అన్నిటికీ పైన తొడుగు ఉంటాయి. సంకేతం నడిమి తీగకూ జాలీకీ మధ్య ఉన్న చోటులోనే ప్రయాణిస్తుంది కాబట్టి, కేబుల్‌ను ఇనుప గొట్టానికి ఆనించి కట్టినా, గోడలో పూడ్చినా దానికి పట్టదు. 1880లో ఇంగ్లండులో ఆలివర్ హెవిసైడ్ ఈ నిర్మాణానికి పేటెంటు పొందాడు. అయితే విస్తృతమైన పౌనఃపున్యాల పట్టీని ఒకే తీగ మీద మోయించే ఆధునిక రూపానికి అమెరికాలో లాయిడ్ ఎస్పెన్‌షీడ్, హెర్మన్ ఆఫెల్ 1929లో దరఖాస్తు చేసి 1931లో పేటెంటు పొందారు. నేటికీ నిర్మాణం అదే. మారినవల్లా ఇన్సులేషన్ పదార్థమూ జాలీ అల్లికా మాత్రమే.

పౌనఃపున్యం పెరిగేకొద్దీ విద్యుత్తు లోహం లోపలికి పోకుండా పైచర్మానికే అంటుకుని నడుస్తుంది. 1 మెగాహెర్ట్జ్ వద్ద రాగిలో ఆ చర్మం మందం 66 మైక్రాన్లు, 100 మెగాహెర్ట్జ్ వద్ద 6.6 మైక్రాన్లు, అంటే వెంట్రుక మందంలో పదో వంతు. దారి ఇరుకయ్యేకొద్దీ నిరోధం పెరుగుతుంది. అందుకే పౌనఃపున్యం నాలుగు రెట్లయితే డెసిబెల్లలో (శక్తి ఎంత తగ్గిందో చెప్పే కొలమానం; 3 డెసిబెల్లు పోతే సగమే మిగులుతుంది) నష్టం దాదాపు రెండు రెట్లవుతుంది. ఈ నష్టాన్ని తగ్గించాలంటే నడిమి తీగను లావు చెయ్యాలి. కానీ 50 ఓమ్‌ల ఇంపిడెన్స్ (సంకేతానికి కేబుల్ చూపే విద్యుత్ అడ్డంకి, ఇది సెట్టుకు సరిపోవాలి) నిలవాలంటే నడిమి తీగ వ్యాసానికీ జాలీ వ్యాసానికీ మధ్య ఒక నిర్ణీత నిష్పత్తి ఉండాలి కనుక, మామూలుగా తీగ లావైతే కేబుల్ మొత్తం లావెక్కుతుంది.

ఈ చిక్కును నురుగు ఇన్సులేషన్ కొంత విప్పింది. గట్టి పాలిథిన్‌కు బదులు గాలి బుడగలు నింపిన పాలిథిన్ వాడితే, అదే వ్యాసంలో మరింత లావు తీగ పెట్టినా 50 ఓమ్‌లు నిలుస్తాయి. గట్టి పాలిథిన్ ఉన్న ఆర్‌జీ-213, నురుగు ఉన్న ఎల్‌ఎంఆర్-400 కేబుళ్లు రెండూ బయటినుంచి చూస్తే ఒకే లావు, సుమారు 10.3 మిల్లీమీటర్లు. కానీ మొదటిదానిలో నడిమి తీగ 2.25 మిల్లీమీటర్లు, రెండోదానిలో 2.74 మిల్లీమీటర్లు. రెండోదానిలో జాలీ కింద అల్యూమినియం రేకు కూడా చుట్టి ఉంటుంది. ఫలితంగా 435 మెగాహెర్ట్జ్ వద్ద 100 మీటర్లకు మొదటిది సుమారు 15.5 డెసిబెల్లు తింటే, రెండోది 9 లోపే తింటుంది.

ముప్పై మీటర్ల లెక్క

డెసిబెల్లలో చెబితే చాలామందికి తేడా మనసుకెక్కదు కనుక వాట్లలోనే చెబుతాను. కింద నుంచి 25 వాట్లు పంపినప్పుడు 30 మీటర్ల కేబుల్ దాటి యాంటెన్నాకు చేరేవి ఇవి. తయారీని బట్టి కాస్త అటూ ఇటూ అవుతాయి కనుక వీటిని దగ్గరి అంకెలుగానే తీసుకోవాలి.

| కేబుల్ | 7 మెగాహెర్ట్జ్ | 145 మెగాహెర్ట్జ్ | 435 మెగాహెర్ట్జ్ |
|---|---|---|---|
| ఆర్‌జీ-58 | 19 వాట్లు | 7 వాట్లు | 2 వాట్లు |
| ఆర్‌జీ-213 | 22 వాట్లు | 14 వాట్లు | 9 వాట్లు |
| ఎల్‌ఎంఆర్-400 తరహా | 23 వాట్లు | 18 వాట్లు | 14 వాట్లు |
| అర అంగుళం ఫీడర్ | 24 వాట్లు | 21 వాట్లు | 18 వాట్లు |

ఈ పట్టికను నిలువుగా చదివితేనే ప్రయోజనం. 7 మెగాహెర్ట్జ్ నిలువు వరుసలో పైనుంచి కిందికి తేడా ఒక డెసిబెల్ మాత్రమే. అవతలి మనిషి చెవికి అది వినబడదు. హెచ్‌ఎఫ్ (3 నుంచి 30 మెగాహెర్ట్జ్ వరకు) మాత్రమే వాడేవారు లావు కేబుల్ మీద పెట్టదలచిన డబ్బుతో డైపోల్‌ను (రెండు తీగల సాదా యాంటెన్నాను) మరో మూడు మీటర్లు పైకెత్తడం మేలని నా అభిప్రాయం. 435 నిలువు వరుసలో మాత్రం పై గడికీ కింది గడికీ తొమ్మిది రెట్ల తేడా ఉంది. 145 వరుస ఈ రెంటికీ నడుమ ఉంటుంది, అసలు తర్జనభర్జన అక్కడే.

పంపేటప్పుడు పోయినంతే అందుకునేటప్పుడూ పోతుంది. పైగా పంపేటప్పుడు పోయినదాన్ని ఎక్కువ వాట్ల సెట్టుతో కొంత పూడ్చుకోవచ్చు గానీ, బలహీనంగా వచ్చిన సంకేతం కేబుల్‌లోనే సన్నబడి సెట్టు సొంత రొదలో కలిసిపోతే దాన్ని కింద ఎంత పెద్దది చేసినా రొద కూడా దానితోపాటే పెద్దదవుతుంది. ఉపగ్రహాల సంకేతాలు వినేవారు యాంటెన్నా మొదట్లోనే ప్రీ-ఆంప్లిఫయర్ (బలహీన సంకేతాన్ని పెద్దది చేసే పరికరం) పెట్టేది ఇందుకే. అది పైన ఉంటే కేబుల్ నష్టం పెద్దగా లెక్కలోకి రాదు. కింద బల్ల మీద పెడితే డబ్బు దండగ.

యాభయ్యా, డెబ్బై అయిదా

ఇన్సులేషన్‌గా గాలి ఉన్న కేబుల్‌లో ఎక్కువ శక్తిని మోయడానికి 30 ఓమ్‌ల దగ్గర, తక్కువ నష్టానికి 77 ఓమ్‌ల దగ్గర ఇంపిడెన్స్ ఉండాలి. పంపడమూ అందుకోవడమూ రెండూ చేసే రేడియోలు నడుమ 50 దగ్గర స్థిరపడ్డాయి. అందుకోవడమే పనిగా ఉన్న టీవీ రంగం 75 దగ్గర ఉండిపోయింది. ఈ రెండూ కలిస్తే ఏదో ప్రమాదం జరుగుతుందన్న భయం మన దగ్గర బాగా ఉంది. 50 ఓమ్‌ల సెట్టుకు 75 ఓమ్‌ల కేబుల్ తగిలిస్తే ఏర్పడే ఎస్‌డబ్ల్యూఆర్ (శక్తి ఎంత వెనక్కి మళ్లుతోందో చెప్పే అంకె; 1 అయితే ఏమీ మళ్లనట్టు) 1.5, ఆ కలయిక దగ్గర వెనక్కి మళ్లే శక్తి నూటికి నాలుగు పాళ్లు, డెసిబెల్లలో చెబితే 0.18. కేవలం వినే పనికి ఇది లెక్కలోకి రానే రాదు.

అందుకే విమానాలు ప్రసారం చేసే 1090 మెగాహెర్ట్జ్ సంకేతాలను ఎస్‌డీఆర్ డాంగిల్‌తో (కంప్యూటర్‌కు తగిలించే చిన్న రేడియో రిసీవర్‌తో) వినదలచిన కుర్రవాళ్లకు నేను నిస్సంకోచంగా మామూలు డిష్ కేబుల్, అంటే ఆర్‌జీ-6, కొనుక్కోమని చెబుతాను. ఆ పౌనఃపున్యం దగ్గర అది 100 మీటర్లకు సుమారు 22 డెసిబెల్లు తింటుంది. సరైన ఇంపిడెన్స్ అని మురిసి కొన్న 50 ఓమ్‌ల ఆర్‌జీ-58 అక్కడ దానికి రెట్టింపు కంటే ఎక్కువ తింటుంది. ఊళ్లో ప్రతి ఎలక్ట్రికల్ దుకాణంలోనూ దొరికేది, 50 ఓమ్‌ల లావు కేబుళ్లతో పోలిస్తే చాలా చవకైనది, పనిలో మెరుగైనది అయినప్పుడు నామకరణాన్ని పట్టుకుని వేలాడడం ఎందుకు?

ఏది ఎవరికి

ఆర్‌జీ-58 వ్యాసం 5 మిల్లీమీటర్లు. మెత్తగా వంగుతుంది, కిటికీ సందులోంచి దూరుతుంది. హెచ్‌ఎఫ్‌కు 30 మీటర్ల వరకు, 145 మెగాహెర్ట్జ్‌కు కారులోని అయిదు మీటర్ల వరకు నిశ్చింతగా వాడవచ్చు. 435 దగ్గర దీన్ని ఒకటి రెండు మీటర్లకు మించనివ్వకపోవడం మంచిది.

ఆర్‌జీ-213 పాతకాలపు ఉమ్మడి కుటుంబంలోని పెద్దన్నయ్య లాంటిది. అన్నింటిలోనూ ప్రథమం కాదు గానీ ఏ పని చెప్పినా కాదనదు. లోపల ఏడు పోగుల రాగి తీగ, గట్టి పాలిథిన్, రాగి జాలీ. గాలికి ఊగే స్తంభం దగ్గరా, రొటేటర్ (యాంటెన్నాను తిప్పే మోటారు) తిప్పే యాంటెన్నా దగ్గరా రోజూ వంగుతూ సాగుతూ ఉండే చోట ఏళ్ల తరబడి నిలుస్తుంది. 100 మీటర్ల చుట్ట 15 కిలోలకు పైగా తూగుతుంది కాబట్టి దాని బరువును కనెక్టర్ మీద వేలాడదీయకుండా స్తంభానికి కట్టాలి. 145 మెగాహెర్ట్జ్‌లో 20 మీటర్ల లోపు ఉన్నవారు ఇంతకంటే దూరం వెళ్లనక్కర లేదు.

ఎల్‌ఎంఆర్-400 అనేది ఒక కంపెనీ పెట్టుకున్న పేరు. అదే తరహాలో చాలా కంపెనీలు 400 అంకె చివర పెట్టి అమ్ముతున్నాయి. 145, 435 రెండూ వాడుతూ 30 మీటర్లు దించవలసిన వారికి ఖర్చుకూ ఫలితానికీ చక్కగా సరితూగేది ఇదే. అయితే దీనిలో మూడు చిక్కులు ఉన్నాయి. నడిమి తీగ రాగి పూత ఉన్న ఒంటి అల్యూమినియం కడ్డీ కనుక మాటిమాటికీ వంచితే విరుగుతుంది. రొటేటర్ దగ్గరి మలుపుకు పోగుల తీగ ఉన్న మెత్తని రకమో, మీటరున్నర ఆర్‌జీ-213 ముక్కో వాడాలి. రెండవది, నురుగు ఇన్సులేషన్ నొక్కుడుకు ఓర్చుకోదు. పిట్టగోడ అంచు మీద పదునుగా మడిచి, పైన ఇటుక పెట్టినవారి కేబుల్ ఆ చోట నలిగి ఇంపిడెన్స్ మారిపోతుంది. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల ఎండకు మెత్తబడ్డప్పుడు ఆ నలుగుడు ఇంకా త్వరగా జరుగుతుంది. మూడవది, రిపీటర్ (సంకేతాన్ని అందుకుని మళ్లీ ప్రసారం చేసే స్టేషన్) పెట్టేవారికి మాత్రమే సంబంధించినది: అల్యూమినియం రేకు, తగరపు పూత ఉన్న రాగి జాలీ ఒకదానికొకటి రాసుకుంటూ ఉండడం వల్ల, ఒకేసారి పంపుతూ వింటూ ఉండే డూప్లెక్స్ స్టేషన్లలో రొద పుడుతుంది. అక్కడ వెండి పూత ఉన్న రెండు జాలీల ఆర్‌జీ-214 గానీ, ముడతల రాగి గొట్టం ఉన్న ఫీడర్ గానీ వాడాలి.

అర అంగుళం ఫీడర్ అంటే మొబైల్ టవర్ల మీద చూసే ముడతల గొట్టం కేబుల్. ఆ టవర్ల పైనే రేడియో పెట్టెలు పెట్టి ఫైబర్‌తో కలిపే పద్ధతి వచ్చాక, తీసేసిన పాత ఫీడర్ ముక్కలు పాత సామాన్ల దుకాణాల్లో కొన్నిసార్లు దొరుకుతాయి. రాగి గొట్టం నొక్కుకుపోకుండా, చివరలు నీళ్లు పీల్చకుండా ఉన్న ముక్క చేతికందితే వదులుకోకూడదు. దానికి సరిపోయే కనెక్టర్ కేబుల్ కంటే ఖరీదు కావచ్చు, బిగించడానికి ఓపిక కావాలి, గదిలోకి తిప్పడానికి అది వంగదు. గోడ బయట వరకు దాన్ని తెచ్చి, లోపలికి మీటరు పొడవు మెత్తని కేబుల్‌తో కలపడం అందరూ చేసే పని.

ఆర్‌జీ-174, ఆర్‌జీ-316 రెండున్నర, మూడు మిల్లీమీటర్ల సన్నని తీగలు. జానెడు, మూరెడు జంపర్లకే. రెండో దానిలో టెఫ్లాన్ ఉంటుంది కనుక టంకం వేసేటప్పుడు కరగదు.

పేరు చూసి మోసపోవద్దు

ఆర్‌జీ అనే రెండు అక్షరాలు రెండో ప్రపంచ యుద్ధ కాలంనాటి అమెరికా సైనిక పట్టికలోంచి వచ్చాయి. ఆ పట్టికలోని చాలా అంకెలను సైన్యమే ఎప్పుడో పక్కన పెట్టింది. ఇప్పుడు కేబుల్ మీద ఆర్‌జీ-58 అని అచ్చు వేసి ఉంటే, అది ఆ పరిమాణంలో ఉన్న కేబుల్ అని మాత్రమే అర్థం. లోపల ఎంత రాగి ఉందో ఆ అచ్చు చెప్పదు. కొనే ముందు చివర అంగుళం కోయించి చూడడానికి మొహమాటపడకండి. జాలీ అల్లిక సందుల్లోంచి తెల్లని ఇన్సులేషన్ బాగా కనబడుతుంటే అది వద్దు. నడిమి తీగను గోటితోనో బ్లేడుతోనో గీకితే రాగి కింద తెల్లని లోహం బయటపడవచ్చు. చిన్న అయస్కాంతం జేబులో వేసుకుని వెళ్తే తీగ దానికి అంటుకుంటుందేమో చూడవచ్చు. అంటుకుంటే అది రాగి పూసిన ఉక్కు. ఉక్కు అయినంత మాత్రాన చెడ్డది కాదు, ఎందుకంటే 145 మెగాహెర్ట్జ్ దగ్గర విద్యుత్తు ఆ రాగి చర్మంలోనే నడుస్తుంది. అడుగు పౌనఃపున్యాల్లోనూ, అదే తీగ మీద బ్యాటరీ కరెంటు పంపవలసి వచ్చినప్పుడూ మాత్రమే అది తేలిపోతుంది.

ఇంతకంటే పెద్ద మోసం మన మీటరే చేస్తుంది. కేబుల్ నష్టం ఎంత ఎక్కువైతే బల్ల దగ్గర ఎస్‌డబ్ల్యూఆర్ అంత అందంగా కనిపిస్తుంది, ఎందుకంటే పైనుంచి తిరిగి రావలసిన శక్తి కూడా దారిలోనే ఆవిరవుతుంది. మొదట చెప్పిన 30 మీటర్ల ఆర్‌జీ-58 చివర యాంటెన్నాయే లేకపోయినా, 145 దగ్గర మీటరు 1.8 చూపిస్తుంది, 435 దగ్గర అయితే 1.2 చూపిస్తుంది. చాలామంది 1.2 చూసి పండగ చేసుకుంటారు. నా స్టేషన్‌లో ఒక వర్షాకాలం ఎస్‌డబ్ల్యూఆర్ రోజురోజుకూ మెరుగవుతూ వచ్చింది, రిపీటర్ మాత్రం రోజురోజుకూ దూరమవుతూ వచ్చింది. దసరాకు పైకెక్కి కనెక్టర్ విప్పితే జాలీ నల్లగా, తడిగా ఉంది. నీరు పది మీటర్ల కిందికి దిగిపోయింది. అప్పటినుంచి మీటరును యాంటెన్నా దగ్గరకు తీసుకెళ్లి ఒకసారి, బల్ల దగ్గర ఒకసారి చూసి రెండు అంకెలూ గోడ మీద రాసి పెట్టుకుంటున్నాను.

కనెక్టరూ, వానా

మన హ్యామ్ సెట్లలో ఎక్కువగా ఉండే పీఎల్-259 కనెక్టర్ 1930ల నాటిది. దానిలో ఇంపిడెన్స్ ఒకేలా నిలవదు. హెచ్‌ఎఫ్‌కు, 145కు బాగానే సరిపోతుంది గానీ 435 దగ్గర దాన్ని మానుకోవడమే మంచిది. అక్కడ ఎన్ కనెక్టర్ వాడాలి. ఎన్ కనెక్టర్‌లో రబ్బరు వలయం ఉంటుంది కనుక వాన నీటికి కొంత ఆగుతుంది; పీఎల్-259కు ఆ రక్షణ ఏమాత్రం లేదు. ఏదైనా సరే, బయట ఉన్న ప్రతి అతుకు మీదా తనంత తానే అతుక్కుపోయే రబ్బరు టేపును సాగదీసి చుట్టి, ఎండ తగలకుండా దాని మీద మామూలు నల్ల టేపు చుట్టాలి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఈ పనికి బద్ధకించినవారి రాగి జాలీ పచ్చబడడానికి ఎక్కువ కాలం పట్టదు. కేబుల్ గదిలోకి దూరే చోట దాన్ని కిందికి జారేలా ఒక వంపు వదిలితే, నీటి బొట్లు ఆ వంపు నుంచే నేల మీద పడిపోతాయి, గోడలోకి రావు. బయట నల్ల తొడుగు ఉన్న కేబులే వాడాలి. తెల్ల తొడుగు ఎండకు పెళుసుబారి పగులుతుంది.

డిష్, సీసీటీవీ

డిష్‌కు ఆర్‌జీ-6 సరిపోతుంది. డిష్ ముందుండే చిన్న పెట్టె, అంటే ఎల్‌ఎన్‌బీ, 10 గిగాహెర్ట్జ్ పైనున్న సంకేతాన్ని అక్కడికక్కడే పెద్దది చేసి, 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ మధ్యకు దించి పంపుతుంది కాబట్టి, 30 మీటర్లలో పది డెసిబెల్లు పోయినా సెట్‌టాప్ బాక్స్‌కు కొరత రాదు. అయితే అదే తీగ మీద బాక్స్ నుంచి పైకి 13 లేదా 18 వోల్టులు వెళతాయి, ఆ వోల్టులను బట్టే ఎల్‌ఎన్‌బీ ఏ ధ్రువణాన్ని అందుకోవాలో తెలుసుకుంటుంది. ఉక్కు తీగ ఉన్న కేబుల్ 30 మీటర్ల వరకు ఇబ్బంది పెట్టదు. అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తు నుంచి 60, 70 మీటర్లు దించేటప్పుడు సగం చానళ్లు వచ్చి సగం రాకపోతే, డిష్‌ను తిప్పే ముందు నడిమి తీగను అనుమానించాలి. అంత దూరానికి పూర్తి రాగి తీగ ఉన్న ఆర్‌జీ-6 గానీ, లావుపాటి ఆర్‌జీ-11 గానీ వెయ్యాలి.

సీసీటీవీ అనలాగ్ కెమెరాల వీడియో సంకేతం దాదాపు సున్నా హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది, అంటే పైచర్మం సూత్రం అక్కడ పనిచేయదు, తీగ మొత్తం రాగి కావాలి. అయస్కాంతం పరీక్ష నిజంగా అక్కరకొచ్చేది ఇక్కడే. దుకాణాల్లో అమ్మే 3+1 కేబుల్‌లోని (మూడు మామూలు తీగలు, ఒక కోయాక్సియల్ కలిపినది) కోయాక్సియల్ భాగం సన్ననిది. ఇంటి గేటు దాకా దానితో సరిపెట్టుకోవచ్చు, పెద్ద ఆవరణ చివరి కెమెరాకు రాగి తీగ ఉన్న ఆర్‌జీ-59 వేసి, కరెంటుకు వేరే వైరు లాగడం మంచిది. ఐపీ కెమెరాలకు నెట్‌వర్క్ కేబుల్ వాడతారు కనుక వాటికి ఈ లెక్కలేవీ వర్తించవు.

కొనే ముందు ఒక కొలత

ఏ కేబుల్ తీసుకోవాలో తేల్చుకున్నాక కూడా, తాడుతో కొలిచిన ఆ 30 మీటర్లను ఒకసారి మళ్లీ చూడమంటాను. సెట్టును కింది గదినుంచి పై అంతస్తు గదికి మార్చి పొడవును 12 మీటర్లకు తెస్తే, 435 దగ్గర ఆర్‌జీ-213 నష్టం రెండు డెసిబెల్లకు లోపే ఉంటుంది. అది 30 మీటర్ల ఎల్‌ఎంఆర్-400 కంటే తక్కువ నష్టం, ఖర్చు కూడా తక్కువే. ఆ గదిలో ఎండాకాలం కూర్చోగలరా అన్నది మాత్రం ఎవరికి వారే తేల్చుకోవాలి.